ఒక చిన్న గదియు అర్థశౌచమును

ఖరగ్‌పూరు రైలుపట్టణమునకు దక్షిణముగా, కొలది దూరమున, సాలువా యను చోటు కలదు. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్సు దళమునకు అది స్థావరము. కావున అచట గూర్ఖా కుటుంబములు హెచ్చు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా విమానదళము వాడుకొన్న విమానక్షేత్రములలో అదియు నొకటి. ఇక ఖరగ్‌పూరులోని తెలుగువారి సంగతి పాఠకులు ఎరిగినదే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఉత్తరాంధ్రమునకు చెందిన కుటుంబములు కర్మాగారములో పనికై అచటకు వలసపోయి తరతరములుగా నిలిచియున్నవి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు ప్రభుత్వము తెలుగునకు అధికారభాషలలో స్థానమొసగినది. ఉద్యోగవిరమణానంతరము రైల్వే క్వార్టరు ఖాళీచేసి, స్వగ్రామమునకు మరలిపోక, ఆ చుట్టుపట్లనే చిన్న ఇల్లు కట్టుకొన్నవారు పలువురు కలరు. వరుసకు మాకు అన్నగారగు నొకరు అట్లు సాలువా చెంత నివసించుచున్నారు. మొన్న వేసవిలో వారి ఇంట నేను నాలుగు దినములు గడపితిని.

ఆ ఇంటి ముందరి గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. ప్రొద్దున అది దేవతార్చన మందిరము. పూజ ముగిసినంతనే కోడలి కుట్టుపని అచటనే సాగును. సాయంకాలము ఇరుగుపొరుగు పిల్లలు, తెలుగు, వంగ, నేపాలీ మాటలను కలగాపులగముగా పలుకుచు, లెక్కలు నేర్చుకొనుటకు వచ్చి కూర్చుందురు. రాత్రి అన్నగారి పడక అక్కడనే. చుట్టములు వచ్చిన నాడు అది భోజనశాలయు నగును. ఇన్ని పనులు చేయు గదిలో ఇరుకు కనబడవలెను గదా! కనబడలేదు. కనబడకపోవుటయే నన్ను ఆశ్చర్యపరచినది.

నేను ఒక్కొక్క వస్తువును పరికించి చూచితిని. కూల్చివేసిన ఒక పాత ఇంటినుండి తెచ్చిన కిటికీ రెక్క గోడకు అడ్డముగా బిగింపబడి దేవుని పీఠమైనది. అన్నగారు ఉద్యోగములో బదిలీ యైనప్పుడెల్ల మోసుకొనిపోయిన రేకుపెట్టె, పైన మడతపెట్టిన బొంతతో, పిల్లలు కూర్చుండు ఆసనమైనది. పగలు దాని కడుపులో పక్కబట్టలుండును, రాత్రి కుట్టుబట్టలుండును. విరిగిన మంచపుకోళ్ళను కోసి చెక్కిన చిలుకకొయ్యలు తలుపుప్రక్కను వరుసగా నున్నవి. కప్పునుండి వ్రేలాడు ఉట్టిలో దారపుకండెలును, గుండీల డబ్బాయును. చిల్లుపడిన ఇత్తడి బిందెలో మట్టిపోసి తీగ పెట్టిరి. చిల్లు ఇప్పుడు దానికి లోపము కాదు. అధికమైన నీరు పోవు మార్గము. కిటికీకి తెరగా నున్నది వదినగారి పెండ్లినాటి చీర. జరీ నల్లబడినను అంచు చెడలేదు. ఉత్తరపుగోడను మాత్రము ఏమియు పెట్టక వెల్లగా వదలిరి. ఆ వట్టిగోడయే గదికి ఊపిరి యని నాకు తోచినది. కిటికీ క్రింద చక్కని టేకుబల్ల యొకటి, సొరుగుతో కూడినది.

"వదినగారూ, అపరిగ్రహ మనగా నిదియే. దీనిని చూచి మావంటివారు నేర్చుకొనవలెను" అంటిని.

ఆమె నవ్వి, "బాబూ, మేము కొత్తవి వద్దనుకొన్నవారము కాము, కొనలేకపోయిన వారము. లేమికి వ్రతమని పేరు పెట్టకుము" అనిరి. కొంత తడవు ఊరకుండి, బల్లవైపు చూపి, "అన్నియు బాగున్నవి గాని, ఆ బల్ల మాత్రము నా కంటికి అందముగా కనబడదు" అని చెప్పిరి.

కారణ మడిగితిని. క్వార్టరులలో నున్నప్పుడు ప్రక్కయింటివారు తెలుగువారే. ఆ యింటి యజమాని ఉద్యోగములో నుండగనే మరణించెను. గడువు ముగియగానే క్వార్టరు విడిచి, బిడ్డలతో శ్రీకాకుళము జిల్లాలోని పుట్టింటికి పోవలసిన ఆ ఇల్లాలు సామానునంతయు అమ్మకమునకు పెట్టెను. బల్లకు 3,000 రూపాయలు చెప్పెను. వదినగారు 1,200 కు బేరమాడిరి. మరునాడే సామాను లారీ వచ్చుననియు, ఆమె ఇక వేచియుండలేదనియు వీరికి తెలియును. ఆమె ఒప్పుకొనెను. "ఆనాడు బేరము కుదిరినదని సంతోషించితిని. ఇప్పుడు ఆ బల్లమీద పిల్లలు వ్రాయుచుండగా ఆమె ముఖము జ్ఞప్తికి వచ్చును" అని వదినగారు చెప్పిరి.

ఆ రాత్రి నాకు చాలసేపు నిద్రపట్టలేదు. గదిని అలంకరించుట అల్పవిషయమని త్రోసివేయువారు కలరు. కాని పరుల చేతులలో అరిగిన వస్తువు మన యింటికి వచ్చునప్పుడు దానితోకూడ ఏమేమి వచ్చునో విచారించుట అల్పవిషయము కాదు.

మన పెద్దలు ఈ సంగతిని విచారింపకపోలేదు. మనుస్మృతి నాలుగవ అధ్యాయమున, స్నాతకుని నియమములలో, ఇతరులు వాడిన పాదరక్షలు, వస్త్రములు, ఆభరణములు, మాలలు, నీటిపాత్రము మొదలగువానిని ధరింపరాదని యున్నది. మన ఇండ్లలో వృద్ధులు పాతవస్తువులను గుమ్మము దాటనీయకపోవుటకు ఈ భావమే మూలమై యుండవచ్చును. అయితే అదే గ్రంథమున ఐదవ అధ్యాయమున ద్రవ్యశుద్ధి ప్రకరణము కలదు. రాగి, ఇనుము, కంచు, తగరము మొదలగు లోహములకు క్షారముచేతను, ఆమ్లముచేతను, నీటిచేతను శుద్ధి. కొయ్యసామానునకు చిత్రికపట్టుటచే శుద్ధి. మంటికుండకు మరల కాల్చుటచే శుద్ధి యని ఒక్కొక్కదానికి ఒక్కొక్క విధి చెప్పబడినది. బూడిదతోను చింతపండుతోను బిందె తోమిన ప్రతి తెలుగు ఇల్లాలును, ఎరిగియో ఎరుగకయో, ఆ విధినే పాటించుచున్నది. వస్తువు ఒకసారి మైలపడిన శాశ్వతముగా త్యాజ్యమని పెద్దలు తలపలేదు. తలచినచో ఇంత విపులముగా శుద్ధివిధానమును వ్రాయవలసిన పనియే లేదు.

ఆ ప్రకరణమున, లోహములను కొయ్యను గూర్చి చెప్పుటకు ముందు, ఒక మాట కలదు. ఎల్ల శౌచములలోను ధనవిషయమైన శౌచమే శ్రేష్ఠమనియు, ద్రవ్యార్జనమున శుచియైనవాడే శుచి గాని మట్టిచేతను నీటిచేతను కడుగుకొన్నవాడు శుచి కాడనియు దాని భావము. వస్తువులను కడుగు పద్ధతిని చెప్పబోవుచు స్మృతికర్త ముందుగా ఈ మాట నుంచుట యాదృచ్ఛికమని నేను తలపను. వదినగారి టేకుబల్లకు చిత్రికపట్టించిరి, మెరుగునూనె రాయించిరి. కొయ్య శుద్ధియైనది. బేరము శుద్ధి కాలేదు. ఆమె స్మృతిని చదివినవారు కారు; అయినను ఏది శుభ్రపడినదో, ఏది పడలేదో ఆమె కన్ను కనిపెట్టినది.

యోగసూత్రములందు అపరిగ్రహము యమములలో నొకటి. వ్యాసభాష్యము దానిని వివరించుచు, విషయములను ఆర్జించుట, రక్షించుట, అవి క్షయించుట, వానియందు సంగము, హింస యను దోషములను చూచి వానిని స్వీకరింపకుండుటయే అపరిగ్రహ మని చెప్పుచున్నది. మొదటి నాలుగు దోషముల విషయమున పాతవస్తువు కొత్తదానికంటె నిరపాయము. ఆర్జనమునకు శ్రమ తక్కువ. దొంగ యెత్తుకొనిపోవునను భయము లేదు. గీత పడినచో గుండె చెదరదు. ఐదవదగు హింస విషయమున మాత్రము పాతవస్తువు కొత్తదానికంటె ప్రమాదకరము కావచ్చును. అంగడిలోని కొత్తబల్ల ఎవరి కన్నీటివలనను చౌక కాలేదని మనము ధైర్యముగా చెప్పజాలము. కాని ఆ కన్నీరు మనకు దూరముననున్నది. పాతబల్ల ఎవరిచేతినుండి వచ్చెనో మనము ఎరుగుదుము. ఎరిగిన పిదప ఎరుగనట్లుండుట సాధ్యము కాదు.

హింస యనగా కేవలము బేరములోని కాఠిన్యము గాదు. రైలుపట్టణమగుటచే ఖరగ్‌పూరువంటి చోట్ల పాత కొయ్య స్లీపరులతో బల్లలు, అరలు చేయుట కలదు. అందు క్రియోసోటు తైలము పట్టించిన దిమ్మలుండును. అవి చెదపురుగును చంపునవి, మనుష్యులు నిదురించు గదిలో ఉండదగినవి కావు. పాత రంగులలో సీసము హెచ్చుగా నుండెడిది. ఇంటిరంగులలో సీసమును మిలియనుకు 90 పాళ్ళకు మించరాదని మనదేశమున నియమము అమలులోనికి వచ్చినది 2017 నవంబరులో మాత్రమే. అంతకుముందు రంగువేసిన కిటికీ రెక్కను పసిపిల్లలున్న గదిలో ఉప్పుకాగితముతో పొడిగా గీకినచో ఆ దుమ్ము వారి ఊపిరిలోనికి పోవును. అన్నగారు ఆ రెక్కను ఇంటికి దూరముగా, పెరటిలో, తడిపి గీకించిరని విని సంతోషించితిని. పాతమంచము తెచ్చిన దినమున కోళ్ళసందులలో సలసలకాగు నీరు పోయుట మన అవ్వలు చెప్పినదే; నల్లులకు అపరిగ్రహవ్రతము లేదు.

పాతదానిని మరియొక పనికి తీర్చుటలోని మర్యాద నెరుగవలెనన్న బౌద్ధుల వినయపిటకమున ఒక కథ కలదు. కౌశాంబి రాజగు ఉదయనుని అంతఃపురస్త్రీలు ఆనందునకు 500 వస్త్రముల నిచ్చిరి. ఇన్ని వస్త్రములు ఒక సన్న్యాసి కెందుకని రాజునకు సందేహము, కొంత కోపమును కలిగెను. అతడు ఆనందుని వరుసగా ప్రశ్నించెను. చీవరములు చినిగిన భిక్షువులకు పంచుదునని ఆనందుడు చెప్పెను. చినిగిన చీవరము లేమగును? పక్కమీది దుప్పట్లగును. ఆ పాత దుప్పట్లు? పరుపుగలీబులగును. అవి చివికిన పిదప నేలమీద పరచుదుము. ఆ పిదప కాళ్ళు తుడుచుకొనుటకు, తరువాత దుమ్ము దులుపుటకు వాడుదుము. కడపట చించి మట్టిలో కలిపి నేల అలుకుదుము. రాజు తృప్తినొంది మరి 500 వస్త్రముల నిచ్చెనట. ఆనందుని కాపాడినది వస్తువు ఇప్పుడు ఏ మెట్టున నున్నదో, తరువాత ఏ మెట్టునకు దిగునో తెలిసియుండుట. ఆ జాబితాలో ఏదియు తనకై దాచుకొన్నది లేదు.

మన యిండ్లలో బొంత ఆ పరంపరలోనిదే. అమ్మ చీర, నాయనమ్మ చీర, చినిగిన పంచె ఒకదానిపై నొకటి పరచి, పెద్దపెద్ద కుట్లు వేసి పసిబిడ్డ పక్కకు అమర్చుదురు. వంగదేశమున దీనికి తోబుట్టువు కాంథా. పాతచీరల అంచులనుండి రంగుదారములను లాగి, ఆ దారములతోనే పద్మములు, ఏనుగులు, పల్లకులు కుట్టుట వంగస్త్రీల విద్య. గురుసదయ్ దత్తు తాను సేకరించిన వానిలో ఇట్టి కాంథాలకు పెద్దపీట వేసెను. అవి కలకత్తా చెంత జోకాలోని ఆయన పేరిటి మ్యూజియమునకు చేరినవి. ఆ రేకుపెట్టెమీది బొంతయందు మా వదినగారి పెద్దకుట్లును, ఒక మూల ప్రక్కయింటి వంగస్త్రీ నేర్పిన పద్మమును కూడ ఉన్నవి. పద్మము కొంచెము వంకర. ఆ వంకరయే నాకు మిక్కిలి నచ్చినది.

ఇచట నొక సంశయము కలుగవచ్చును. పూర్వపు వాడుకను తుడిచివేసినచోనే వస్తువు మనదగునా? అమరావతి స్తూపపు పలక యొకటి లండనులోని బ్రిటిషు మ్యూజియములో నున్నది. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దిలో శిల్పి దానిపై బోధివృక్షమును, శూన్యాసనమును, పూజించువారిని చెక్కెను. ఇంచుమించు మూడు శతాబ్దముల పిదప, క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో, మరియొక శిల్పి ఆ పలకనే త్రిప్పి వెనుకవైపున స్తూపమును చెక్కెను. పాతశిల్పమును అతడు చెరిపివేయలేదు. అది వెనుకకు పోయినది, అంతే. కృష్ణాతీరమున ధర్మకార్యమునకు సయితము కొత్త రాయియే కావలెనని ఆ శిల్పులు పట్టుబట్టలేదు.

అంతదూర మేల? ఖరగ్‌పూరులోని హిజ్లీ భవనమును చూడుడు. 1930లో అది రాజకీయ బందీల నిర్బంధశిబిరమైనది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులగు బందీలపై కాల్పులు జరిగి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా యను ఇరువురు మరణించిరి. వారి దేహములను తీసికొనిపోవుటకు సుభాష్ చంద్ర బోసు స్వయముగా వచ్చెను. ప్రపంచయుద్ధకాలమున అమెరికా వైమానికదళము ఆ భవనములో నుండెను. 1951లో దేశములోని మొదటి ఐ.ఐ.టి. అందే పాఠములు ప్రారంభించినది. 1990లో అది నెహ్రూ పేరిట విజ్ఞానశాస్త్ర మ్యూజియముగా మారినది. చెరసాలలో విద్యార్థులు కూర్చుండిరి. అది అపశకునమని ఎవరును దానిని పడగొట్టలేదు. చనిపోయినవారిని మరచిపోవుటకు దానిపై పూత పూయనులేదు. వస్తువు చేతులు మారవచ్చును. అది మోసికొని వచ్చిన కథను మనము మోయుటకు సిద్ధపడవలెను.

ఈ కాలమున పాతవస్తువులతో గదిని తీర్చుట పట్టణములలో ఒక వేడుక యైనది. కొత్త కొయ్యను గీకి, కాల్చి, పాతదివలె చేసి హెచ్చువెలకు అమ్ముచున్నారు. పల్లెలలో శిథిలమైన మండువాయింటి స్తంభములు కొందరి హాలులో దీపస్తంభము లగుచున్నవి. నేను దీనిని నిందింపను. చెదపట్టి పోవుటకంటె మేలే. కాని పది పాతవస్తువులున్నవాడు పదునొకటవదానికై సంతలు గాలించుచున్నచో, వాని సంగ్రహబుద్ధి అణువంతయు తగ్గలేదు; వస్తువు మాత్రమే పాతది. చౌకయగుటచే ఆ రోగము మరింత సుళువుగా పెరుగును. మా అన్నగారి గదియందు అట్టి పెరుగుదలకు చోటు లేదు. క్రొత్తగా నొకటి లోనికి రావలెనన్న ఒకటి వెలుపలికి పోవలెను. ఇది వారి గుణమా, గది కొలతయా యని అడిగినచో, మొదట కొలతయే యని వదినగారు ఒప్పుకొందురు. విధిలేక పాటించిన నియమము కొన్నేండ్లకు స్వభావమగుట నేను చూచియున్నాను. దానికి వ్రతమను పేరు చెల్లునా చెల్లదా యను విషయమున ఆమెకును నాకును ఇంకను ఏకాభిప్రాయము లేదు.

మరియొక విషయము. అలంకారమునకును పరిగ్రహమునకును విడదీయరాని బంధము కలదని తలచువారు మన ముంగిటి ముగ్గును మరచుచున్నారు. తెల్లవారుజామున వంగి, చుక్కలు పెట్టి, గీతలు కలిపి తీర్చిన ముగ్గు మధ్యాహ్నమునకు కాలిక్రింద చెరిగిపోవును. పిండిముగ్గైనచో కొంత చీమలపాలగును. దానిని దాచుకొన్న ఇల్లాలు లేదు. అది పోయినదని ఏడ్చిన ఇల్లాలును లేదు. సౌందర్యమును కోరుట దోషమైనచో మన పెద్దలు ప్రతి ఉదయమును ఆ దోషముతో ప్రారంభించుమని చెప్పియుండరు.

నేను బయలుదేరు దినమున వదినగారు ఒక కవరు నా చేతికిచ్చి, "నీవు శ్రీకాకుళము మీదుగా పోవుదువు గదా. ఆమె ఊరు దారిలోనిదే. ఇందులో 1,800 ఉన్నది, ఇచ్చి రమ్ము" అనిరి. ఇన్నేండ్ల తరువాత ఇచ్చుట ఆమెను అవమానించినట్లగునేమో యని నేను సందేహించితిని. "అవమానమైనచో నా మాటగా క్షమింపుమని చెప్పుము. బల్ల తిరిగి కావలెనన్నచో పంపుదు నని కూడ చెప్పుము" అనిరి. అన్నగారు వార్తాపత్రికనుండి తల యెత్తలేదు. బేరమునాడు తామును ప్రక్కనే యుండిరట.

ఆ ఊరు చేరి ఇల్లు కనుగొంటిని. పిల్లలు పెద్దవారైరి. ఆమె అరుగుమీద కూర్చుండి చింతపండు పిక్క తీయుచున్నది. విషయము చెప్పి కవరు నిచ్చితిని. ఆమె దానిని త్రోసిపుచ్చలేదు, కన్నీరు పెట్టలేదు. తీసికొని, నోట్లు లెక్కించి, కొంగున ముడివేసికొనెను. ఆనాటి బేరమును గూర్చి ఒక్కమాటయైనను అనలేదు. బల్ల తిరిగి కావలెనా యని అడిగితిని. తల అడ్డముగా ఆడించి, దానిమీద ఇప్పుడు ఎవరు వ్రాయుచున్నారని అడిగెను. లెక్కలకు వచ్చు పిల్లల సంగతి చెప్పితిని. కొంతసేపు పిక్కలు తీసి, "ఎడమప్రక్క సొరుగు వానకాలమున ఇంకను బిగియుచున్నదా?" అనెను.

నేను ఆ సొరుగు తెరచి చూడలేదు. అక్కడనుండియే వదినగారికి ఫోను చేసి అడిగితిని. బిగియుచున్నదట. ఆ మాట చెప్పగా ఆమె, "క్రింది పట్టీకి ఎండిన సబ్బుముక్క రుద్దమని చెప్పండి. ఆయన అట్లే చేసేవారు" అనెను.